పీహెచ్‌పీ పాఠాలు – 7: లాగౌట్ ఎక్కడ జరగాలి?

పోయిన పాఠంలో లాగిన్ పేజీ పూర్తి చేశాం. పాస్‌వర్డ్ సరిచూసి, యూజర్ ఐడీని సెషన్‌లో పెట్టి, డ్యాష్‌బోర్డ్‌కు పంపించాం. ఇప్పుడు ఆ యూజర్‌ను క్షేమంగా బయటికి పంపాలి. లాగిన్‌కు పెట్టే శ్రద్ధలో సగం కూడా లాగౌట్‌కు పెట్టని ప్రాజెక్టులే ఎక్కువ. నెట్ సెంటర్‌లో ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టుకున్న విద్యార్థి లేవగానే అదే కంప్యూటర్ ముందు మరొకరు కూర్చుంటారు. ఆ విద్యార్థికి లాగౌట్ బటన్ తప్ప వేరే రక్షణ లేదు. దాన్ని మనం సరిగ్గా రాయాలి.

ముందుగా సెషన్ ఎక్కడ ఉంటుందో చూద్దాం. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి అయిన హెచ్‌టీటీపీకి గుర్తుపెట్టుకునే గుణం లేదు. ప్రతి రిక్వెస్టూ దానికి కొత్తదే. ఈ లోటు తీర్చడానికే 1994లో బ్రౌజర్ సంస్థ నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లీ కుకీని, అంటే బ్రౌజర్ దాచుకుని ప్రతి రిక్వెస్టుతో సర్వర్‌కు పంపే చిన్న సమాచారాన్ని, తెచ్చారు. పీహెచ్‌పీ సెషన్ దాని మీదే నడుస్తుంది. యూజర్ వివరాలు సర్వర్‌లో ఒక ఫైలులో ఉంటాయి. బ్రౌజర్ దగ్గర పీహెచ్‌పీసెస్ఐడీ అనే కుకీలో ఆ సెషన్ ఐడీ ఒక్కటే ఉంటుంది. గుడి బయట చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిదే ఇది. టోకెన్ పారేసినంత మాత్రాన చెప్పులు తీసుకున్నట్టు కాదు. ఆ అంకెతో ఎవరు వచ్చినా స్టాండులో చెప్పులు ఇచ్చేస్తారు.

కుకీ ఒక్కటే తుడిచేసి లాగౌట్ అయిందనుకోవడం అందుకే ప్రమాదకరం. బ్రౌజర్‌లో లాగిన్ పేజీ వస్తుంది, చూసేవారికి అంతా సవ్యంగానే ఉంటుంది. సర్వర్‌లో మాత్రం సెషన్ బతికే ఉంటుంది. ఐడీని అంతకుముందే కాపీ చేసుకున్నవారు దర్జాగా లోపలికి వస్తారు. 2010లో వచ్చిన ఫైర్‌షీప్ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ ఈ కాపీ చేయడం ఎంత సులభమో అందరికీ చూపించింది. పాస్‌వర్డ్ లేని వైఫైలో పక్కవారి సెషన్ కుకీలను పట్టి, ఒక్క క్లిక్‌తో వారి ఖాతాలోకి వెళ్లనిచ్చేది. అప్పట్లో పెద్ద సైట్లలో చాలావాటికి లాగిన్ పేజీకే హెచ్‌టీటీపీఎస్ (సమాచారాన్ని దారిలో ఎవరూ చదవకుండా గుప్తంగా పంపే పద్ధతి) ఉండేది, మిగతా పేజీలకు ఉండేది కాదు.

ఇక లాగౌట్ ఫైలు రాద్దాం. ఫంక్షన్ల పేర్లను ఫైలులో ఆంగ్ల అక్షరాల్లోనే టైపు చేయండి. మొదట సెషన్_స్టార్ట్ పిలవాలి. మూసే చోట తెరవడం ఎందుకని అనిపించవచ్చు. తెరవకపోతే ఏ సెషన్‌ను మూయాలో పీహెచ్‌పీకి తెలియదు. తరువాత సెషన్ అర్రేను ఖాళీ చేయండి. ఆపైన సెట్‌కుకీతో అదే కుకీకి గడిచిపోయిన గడువు ఇవ్వండి. ఇక్కడ పాత్, డొమైన్ రెండూ కుకీ పెట్టినప్పుడు ఉన్నవే ఉండాలి, లేకపోతే బ్రౌజర్ పాతదాన్ని తీయదు. అవి సెషన్_గెట్_కుకీ_పారామ్స్ నుంచి వస్తాయి. ఆ తరువాత సెషన్_డిస్ట్రాయ్. చివరగా లాగిన్ పేజీకి రీడైరెక్ట్, దాని వెంటనే ఎగ్జిట్. ఎగ్జిట్ మరిచిపోతే కింద ఉన్న కోడ్ నడుస్తూనే ఉంటుంది.

సెషన్_డిస్ట్రాయ్ ఒక్కటే సరిపోదా? సరిపోదు. అది సర్వర్‌లోని డేటాను తీసేస్తుంది కానీ అర్రేలో అప్పటికే ఉన్న విలువలను, బ్రౌజర్‌లోని కుకీని ముట్టుకోదు. తాను ఇవ్వని ఐడీలను పీహెచ్‌పీ తిరస్కరించే స్ట్రిక్ట్ మోడ్ (సెషన్.యూజ్_స్ట్రిక్ట్_మోడ్) ఆన్‌లో లేకపోతే, మిగిలిపోయిన పాత ఐడీతోనే పీహెచ్‌పీ మళ్లీ కొత్త సెషన్ తెరుస్తుంది. పీహెచ్‌పీ సెట్టింగుల ఫైలు పీహెచ్‌పీ.ఐఎన్ఐలో ఆ మోడ్‌ను ఆన్ చేయండి. లాగిన్‌కు ముందున్న ఐడీ తరువాత పనికిరాకుండా, లాగిన్ విజయవంతమైన చోట కొత్త ఐడీ ఇచ్చే సెషన్_రీజనరేట్_ఐడీని ట్రూ విలువతో పిలవండి. పోయిన పాఠంలోని లాగిన్ ఫైలులో ఆ వరుసను ఇప్పుడే చేర్చుకోండి.

లాగౌట్‌ను మామూలు లింకుగా పెట్టకండి. లింకులను ముందుగానే తెరిచి ఉంచే ఎక్స్‌టెన్షన్లు ఉంటాయి, వాటివల్ల యూజర్ నొక్కకుండానే బయటికి వెళ్లిపోతారు. సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్‌తో (రిక్వెస్టు మన పేజీ నుంచే వచ్చిందని తేల్చే రహస్య విలువతో) ఒక చిన్న పోస్ట్ ఫారం పెట్టి, బటన్‌ను సీఎస్ఎస్‌తో లింకులా కనిపించేలా చేయండి. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో కూడా ఈ దారికే వచ్చింది: 2023లో విడుదలైన 5.0 వెర్షన్ నుంచి గెట్ పద్ధతిలో, అంటే మామూలు లింకుతో, లాగౌట్‌ను తీసేశారు.

బ్యాక్ బటన్ నొక్కితే పాత పేజీ కనిపిస్తోందన్న సందేహం చాలామందికి వస్తుంది. సెషన్_స్టార్ట్ పిలిచిన పేజీలకు పేజీని దాచుకోవద్దని బ్రౌజర్‌కు చెప్పే నో-స్టోర్ హెడర్‌ను పీహెచ్‌పీ తానే పంపుతుంది. దాని పక్కన ఎక్స్‌పైర్స్‌లో 1981 నవంబరు 19 అనే తేదీ కనిపిస్తే కంగారుపడకండి, అది పీహెచ్‌పీ పెట్టే పాత తేదీ. ఈ హెడర్లను నిర్ణయించే కాష్ లిమిటర్ సెట్టింగును మార్చినవారు మాత్రం ఆ హెడర్‌ను తామే పంపాలి. అయితే అసలు కాపలా హెడర్‌లో లేదు. ప్రతి పేజీ మొదటి వరుసల్లోనే యూజర్ ఐడీ సెషన్‌లో ఉందో లేదో చూడాలి.

లాగౌట్ నొక్కకుండానే లేచి వెళ్లిపోయేవారి సంగతి? వాడకుండా ఉన్న సెషన్ ఎంతసేపటికి చెత్త కింద లెక్కో చెప్పే సెషన్.జీసీ_మ్యాక్స్‌లైఫ్‌టైమ్ 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు ఉంది కదా అని ధీమాగా ఉండకండి. అది గడియారం కాదు. పీహెచ్‌పీ సొంత సెట్టింగుల ప్రకారం, సెషన్ మొదలైనప్పుడల్లా నూటికి ఒక్క వంతు అవకాశంతోనే ఆ చెత్త ఊడ్చే పని జరుగుతుంది. కాబట్టి చివరి రిక్వెస్టు సమయాన్ని సెషన్‌లో మనమే రాసుకోవాలి. ప్రతి పేజీలో ఇప్పటి సమయంతో పోల్చి, గడువు దాటితే పైన చెప్పిన వరుసలనే నడపాలి. అందుకే వాటిని ఒక ఫంక్షన్‌లో పెట్టండి. గడువు ఎంత ఉండాలన్నదానికి వెబ్ భద్రతా సంస్థ ఓవాస్ప్ సూచన తేలికపాటి అప్లికేషన్లకు 15 నుంచి 30 నిమిషాలు, డబ్బుతో పని ఉన్నవాటికి 2 నుంచి 5 నిమిషాలు.

అభ్యాసం: లాగిన్ అయి, డెవలపర్ టూల్స్ నుంచి సెషన్ కుకీ విలువను కాపీ చేసుకోండి. లాగౌట్ అవ్వండి. అదే పేరుతో పాత విలువను మళ్లీ పెట్టి, డ్యాష్‌బోర్డ్ చిరునామాను నేరుగా తెరవండి. లాగిన్ పేజీ రావాలి. ఆ తరువాత లాగౌట్ ఫైలులో అర్రేను ఖాళీ చేసే వరుసను, సెషన్_డిస్ట్రాయ్‌ను కామెంట్ చేసి, కుకీ తుడిచే వరుసను మాత్రం ఉంచి ఇదే పని మళ్లీ చేయండి. ఈసారి డ్యాష్‌బోర్డ్ తెరుచుకుంటుంది. విండోస్‌లో జాంప్ (సొంత కంప్యూటర్‌లో పీహెచ్‌పీ నడిపే సర్వర్ ప్యాకేజీ) వాడేవారు దాని ఫోల్డర్‌లోని టీఎంపీలో సెషన్ ఫైలును రెండుసార్లూ గమనించండి. చూశాక ఆ రెండు వరుసలనూ తిరిగి పెట్టడం మరవకండి.

ఈ లాగౌట్ ఒక్క బ్రౌజర్‌నే మూస్తుంది. అన్ని పరికరాల నుంచి ఒకేసారి లాగౌట్ చేయడానికి సెషన్లను డేటాబేస్‌లో దాచాలి. ఎనిమిదో పాఠంలో ఆ టేబుల్ కడదాం.