బాబ్ డిలాన్ పురస్కారాల గురించి రాసేటప్పుడు

ఆరు దశాబ్దాలకు పైగా తన పాట తానే రాసుకుని, బాణీ కట్టుకుని, పాడుతూ వచ్చిన అమెరికన్ గాయకుడు బాబ్ డిలాన్ గురించి పరిచయ వ్యాసం రాయబూనినవారు చాలామంది ఆయనకు వచ్చిన పురస్కారాలను వరుసగా పేర్చి ఊరుకుంటారు. అది చదివినవారికి ఆయన గొప్పవారని అర్థమవుతుంది కానీ, ఏ పనికి ఏ గౌరవం దక్కిందో తెలియదు. అందువల్ల ఒక పాటకో ఆల్బమ్‌కో వచ్చినవాటినీ, జీవితకాల కృషికి వచ్చినవాటినీ ముందే విడదీసి పెట్టుకోవాలి.

మొదటి రకంలో రచన వెలువడిన ఏడాదినీ, బహుమతి ఇచ్చిన ఏడాదినీ రెండింటినీ రాయాలి. 1997లో విడుదలైన ‘టైమ్ అవుట్ ఆఫ్ మైండ్’కు ఉత్తమ ఆల్బమ్ గ్రామీ 1998లో వచ్చింది. ‘వండర్ బాయ్స్’ సినిమా కోసం రాసిన పాట 2000 నాటిది, దానికి ఆస్కార్ అందింది 2001లో.

ఇలా తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ముఖ్యమైన సంగతి బయటపడుతుంది. ఆయన పేరు నిలబెట్టిన ‘హైవే 61 రీవిజిటెడ్’, ‘బ్లాండ్ ఆన్ బ్లాండ్’ వంటి ఆల్బమ్‌లు 1965, 1966లలో వచ్చినా, ఆ దశాబ్దంలో ఆయనకు ఒక్క గ్రామీ కూడా రాలేదు; ఏకగాయకుడిగా తొలి గ్రామీ 1980లో గానీ అందలేదు. కనుక సాధించిన పనిని బహుమతులను బట్టి కొలవకుండా, దానికి విడిగా ఒక పేరా కేటాయించడమే న్యాయం. ఆ పేరాలో ఇతరులు పాడిన ఆయన పాటలకు తప్పక చోటివ్వాలి: ‘మిస్టర్ టాంబరిన్ మ్యాన్’ 1965లో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది బర్డ్స్ బృందం గొంతులో. అయితే ‘బ్లోయిన్ ఇన్ ద విండ్’ పాడినందుకు పీటర్, పాల్ అండ్ మేరీ బృందం అందుకున్న గ్రామీలను డిలాన్ ఖాతాలో వేయకూడదు.

జీవితకాల గౌరవాలలో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ (1988), కెనెడీ సెంటర్ సత్కారం (1997), స్వీడన్ వారి పోలార్ సంగీత బహుమతి (2000), అధ్యక్షుడు ఒబామా చేతుల మీదుగా అందుకున్న మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ (2012) గురించి ఒక్కో వాక్యం చాలు. అమెరికాలో పత్రికా రచనకూ, సాహిత్యానికీ, సంగీతానికీ ఇచ్చే పులిట్జర్ 2008లో ఆయనకు వచ్చిన విషయంలో మాత్రం అది ఏటా ఇచ్చే విభాగాల బహుమతి కాదనీ, ప్రత్యేక ప్రశంస అనీ స్పష్టం చేయాలి.

నోబెల్ సాహిత్య బహుమతి దగ్గర తొందరపడకూడదు. ఆయన దానిని తిరస్కరించారని నేటికీ కొందరు రాస్తుంటారు. అది నిజం కాదు. 2016 అక్టోబరు 13న బహుమతి ప్రకటించాక ఆయన కొన్నాళ్లు మౌనంగా ఉన్న మాట, డిసెంబరు 10 నాటి ప్రదానోత్సవానికి వెళ్లని మాట వాస్తవమే. ఆ రోజు ఆయన పంపిన ప్రసంగాన్ని స్వీడన్‌లోని అమెరికా రాయబారి చదివారు, గాయని ప్యాటీ స్మిత్ ఆయన పాట పాడారు. అయితే 2017 ఏప్రిల్‌లో స్టాక్‌హోమ్‌లోనే పతకం స్వీకరించి, బహుమతి సొమ్ము అందాలంటే ఆరు నెలల్లోగా ఇవ్వవలసిన ఉపన్యాసాన్ని జూన్‌లో సమర్పించారు. అమెరికన్ గేయ సంప్రదాయంలో కొత్త కవితాభివ్యక్తులను సృష్టించినందుకు అని ఆ బహుమతి ఇచ్చే స్వీడిష్ అకాడమీ చెప్పిన కారణాన్ని కూడా చేర్చితే, గాయకుడికి సాహిత్య బహుమతి ఏమిటన్న సందేహానికి జవాబు అక్కడే దొరుకుతుంది.

‘నోబెల్ పొందిన తొలి పాటల రచయిత’ అనే విశేషణం మాత్రం మన పాఠకుల ముందు అసలే నిలవదు. 1913లోనే ఆ బహుమతి అందుకున్న రవీంద్రనాథ్ ఠాగూర్ రెండు వేలకు పైగా పాటలు రాసి బాణీలు కట్టినవారు. డిలాన్ గురించి అంతగా చెప్పాలనుకుంటే, ఆ బహుమతి పొందిన తొలి రాక్ సంగీతకారుడు అని రాస్తే సరిపోతుంది.