గాలివాన రోజుల్లో యూపీఎస్ మోగడం మొదలైతే: కంప్యూటర్ త్వరగా మూసేయడానికి జాగ్రత్తలు

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా ఎండ మాడ్చేసి, సాయంత్రం ఒక్కసారిగా మబ్బు కమ్మి, ఈదురుగాలి లేచి, ఏ చెట్టుకొమ్మో వైర్ల మీద పడి కరెంటు పోవడం మన ఊళ్లలో ఏటా ఉండేదే. లాప్‌టాప్ వాళ్లకు పెద్ద ఇబ్బంది లేదు. డెస్క్‌టాప్ మీద పని చేసే డీటీపీ షాపుల వాళ్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపే సెంటర్ల వాళ్లు, ఇంట్లోనే లెక్కలు రాసేవాళ్లు, వీళ్లకు మాత్రం యూపీఎస్ బీప్ వినబడగానే టెన్షన్. బ్యాటరీ కొత్తదైతే పది నిమిషాలు అటూ ఇటూగా నిలుస్తుంది, పాతబడిందంటే రెండు నిమిషాలు కూడా నమ్మలేం. ఆ కాస్త టైంలో మౌస్ పట్టుకుని ఒక్కో విండో మూలన ఉన్న ఇంటూ గుర్తు వెతుక్కుంటూ కూర్చుంటే అయ్యే పని కాదు, కీబోర్డు మీదే కానిచ్చేయాలి. అయితే కీబోర్డు మీద పని ఎంత త్వరగా అవుతుందో పొరపాటూ అంతే త్వరగా జరిగిపోతుంది, అందుకే కరెంటు ఉన్నప్పుడే ఇవి చదివి ఒకసారి చేసి చూసుకోండి.

ముందు సేవ్, ఆ తర్వాతే మూయడం. ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ కొడుతూ ఒక్కో విండోకి వెళ్లి కంట్రోల్ ఎస్ కొట్టండి. అన్నీ అయ్యాక ఆల్ట్ ఎఫ్4. ముందున్న విండో మూసుకుంటుంది, దాని వెనకున్నది ముందుకొస్తుంది, మళ్లీ ఆల్ట్ ఎఫ్4. కొన్ని కీబోర్డుల్లో ఎఫ్4 సౌండుకో వెలుతురుకో పని చేస్తుంది కాబట్టి ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కాల్సి రావచ్చు, మీది ఏ రకమో ఇప్పుడే చూసుకోండి.

అసలు ప్రమాదమంతా మధ్యలో వచ్చే చిన్న బాక్సుతోనే. సేవ్ చేయని ఫైలుంటే వర్డ్ ఆగి, సేవ్ చేయాలా వద్దా అని అడుగుతుంది. సాధారణంగా అక్కడ ఎంటర్ కొడితే సేవ్ అవుతుంది, ఎన్ కొడితే చేసిన మార్పులు వదిలేసి మూసుకుంటుంది. వరసగా ఆల్ట్ ఎఫ్4 కొట్టుకుంటూ పోయే చెయ్యి ఆ బాక్సు దగ్గర ఆగాలి. చదవకుండా ఎన్ కొట్టారంటే సాయంత్రం దాకా టైపు చేసినదంతా పోయినట్టే.

లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఇంకొకటి గమనించండి. ట్యాలీలో వోచరు, అంటే రాసిన ఎంట్రీ, సేవ్ చేయడానికి కంట్రోల్ ఏ కొడతాం, చెయ్యి దానికి అలవాటు పడి ఉంటుంది. అదే చెయ్యి కంగారులో వర్డ్‌లో కంట్రోల్ ఏ కొడితే మొత్తం మేటర్ సెలెక్ట్ అవుతుంది, ఆ మీద ఏ అక్షరం తగిలినా అంతా చెరిగిపోయి ఆ ఒక్క అక్షరం మిగులుతుంది. ఆ ఖాళీ పేజీ మీద కంట్రోల్ ఎస్ కూడా కొట్టేసినా, ఫైలు మూయనంత వరకు కంట్రోల్ జెడ్‌తో వెనక్కి తెచ్చుకోవచ్చు, తెచ్చుకున్నాక మళ్లీ సేవ్ చేయండి. మూసేశాక ఆ దారి లేదు. ట్యాలీని మాత్రం వోచరు పూర్తి చేసి ఎస్కేప్‌తో బయటికొచ్చి, క్విట్ అని అడిగినప్పుడు వై కొట్టి పద్ధతిగా మూయండి. డేటా రాస్తుండగా కరెంటు పోతే కంపెనీ ఫైలే పాడవ్వొచ్చు.

క్రోమ్‌లో కంట్రోల్ షిఫ్ట్ డబ్ల్యు కొడితే ఆ విండోలోని ట్యాబులన్నీ ఒకేసారి పోతాయి. తర్వాత క్రోమ్ తెరిచి కంట్రోల్ షిఫ్ట్ టీ కొడితే చాలావరకు తిరిగొస్తాయి కానీ సగం నింపిన అప్లికేషన్‌లో వివరాలు ఉంటాయన్న నమ్మకం లేదు. ఫారంలో డ్రాఫ్ట్ సేవ్ చేసే బటన్ ఉంటే ముందు అది నొక్కండి. పేమెంట్ మధ్యలో ఉంటే ఆ ట్యాబు ముట్టుకోకుండా మిగతావి మూయండి. ఒకవేళ ఈలోపే అంతా ఆరిపోతే వెంటనే రెండోసారి కట్టకండి, ముందు ఖాతాలో డబ్బు కట్ అయిందో లేదో, అప్లికేషన్ స్టేటస్ ఏముందో చూడండి, డబ్బు మీ దగ్గరికి వచ్చిన మనిషిది.

రౌటర్‌ని కూడా యూపీఎస్‌కి పెట్టుకోండి. చాలామంది పెట్టరు. కరెంటుతో పాటు నెట్ పోతే గూగుల్ డాక్స్‌లో చివర టైపు చేసింది పైకి చేరదు, సేవ్ అయినట్టు చూపించేదాకా ఆ ట్యాబు మూయకూడదు, అవసరమైతే ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసుకోండి. వర్డ్ ఫైళ్లయినా ఈ రెండు నెలలు నెట్‌లో కాకుండా డెస్క్‌టాప్ మీదో డీ డ్రైవ్‌లోనో పెట్టుకోవడమే నయం. లేజర్ ప్రింటర్‌ని మాత్రం యూపీఎస్‌కి పెట్టొద్దు, అది వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకి చిన్న యూపీఎస్ తట్టుకోలేదు.

విండోలన్నీ మూశాక డెస్క్‌టాప్ మీద ఆల్ట్ ఎఫ్4 కొడితే షట్‌డౌన్ బాక్సు వస్తుంది. అది వచ్చింది కదా అని అన్నీ మూసేశామనుకోకండి, కిందికి దించి పెట్టిన మినిమైజ్ విండోలు ఇంకా ఉండొచ్చు. ఎస్కేప్ కొట్టి, ఆల్ట్ ట్యాబ్‌తో ఒకసారి చూసుకుని అప్పుడు షట్‌డౌన్ చేయండి. ఏదో ప్రోగ్రామ్ ఇంకా మూయలేదని నీలం తెర వస్తే దాని మీద షట్‌డౌన్ ఎనీవే నొక్కకుండా క్యాన్సిల్ చేసి, ఆగింది ఏ ఫైలు కోసమో చూడండి. టాస్క్ మేనేజర్‌లో ఎండ్ టాస్క్ కొట్టడం ప్రోగ్రామ్ బిగుసుకుపోయినప్పుడే, అది మిమ్మల్ని ఏమీ అడగదు, సేవ్ చేయదు. స్లీప్‌లో పెట్టి వదిలేయడం కూడా వద్దు, యూపీఎస్ ఆరిపోతే ర్యామ్‌లో ఉన్నదంతా పోవచ్చు.

వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్ లోకి వెళ్తే వర్డ్ తనంతట తానే కాపీ దాచే ఆటోరికవర్ 10 నిమిషాలకోసారి అని ఉంటుంది, దాన్ని 1 చేసేయండి. కరెంటు వచ్చాక వోల్టేజీ కుదురుకునే వరకు కాసేపు ఆగి ఆన్ చేయండి. వర్డ్ తెరవగానే ఎడమ పక్కన రికవరీ ఫైళ్లు కనిపిస్తే క్లోజ్ కొట్టే ముందు ఒక్కోటి తెరిచి, ఏది తాజాగా ఉందో చూసి, వేరే పేరుతో సేవ్ చేసుకోండి.