చెక్క యుద్ధనౌక కిట్ మొదలెడుతున్నారా, పలకలు అతికించే ముందు ఇది చదవండి

తెరచాపల కాలం నాటి యుద్ధనౌకకి చెక్క ముక్కలతో చిన్న నమూనా కట్టుకునే కిట్ ఇది, దాని పెట్టె మీద బొమ్మ చూడగానే ఎవరికైనా భయం వేసేది తాళ్ళని చూసే. అన్ని తాళ్ళు ఎలా కడతాం రా బాబూ అనిపిస్తుంది, కానీ నిజం చెప్పాలంటే తాళ్ళ పనిలో తప్పు జరిగితే ఆ ముడి కోసేసి మళ్ళీ వేసుకోవచ్చు, పోయేదేం లేదు. ఓడ చెడేది అక్కడ కాదు. ఒక్క పలక కూడా అతికించకముందే, లోపలి అస్థిపంజరం దగ్గరే చెడిపోతుంది, ఆ వంకర ఇక చివరిదాకా వదలదు. అందుకే ఇక్కడ సగం దాని గురించే చెప్తా, మిగతావి కొంచెం గబగబా లాగించేస్తా.

ముందు ఏ కిట్ కొనాలి అనేది. చాలామంది మొదటిసారే హెచ్‌ఎంఎస్ విక్టరీ మీద పడతారు, 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ ఉన్న ఓడ, మూడు గన్ డెక్కులు, అంటే ఫిరంగులు పెట్టే అంతస్తులు, 104 ఫిరంగులు, చూస్తే ఎవరికి మాత్రం ఆశ పుట్టదు చెప్పండి. కానీ ఒక్కో ఫిరంగికి ఒక బండి, నాలుగు చక్రాలు, దానికో తాడు అని లెక్కేసుకోండి, ఒకే పని వంద సార్లు చెయ్యాలి, అక్కడే చాలామందికి విసుగొచ్చి సగం ఓడ అటకెక్కుతుంది. పైగా అసలు ఓడ ఒళ్ళే ఈ కొస నుంచి ఆ కొసకి దాదాపు 69 మీటర్లు, 1:72 స్కేల్లో, అంటే 72వ వంతుకి కుదించి కట్టినా ఒళ్ళే మీటరుకి కొంచెం తక్కువ వస్తుంది, ముందుకి పొడుచుకొచ్చే కర్ర దానికి అదనం, ఎక్కడ పెడతారో ముందే ఆలోచించుకోవాలి. నా సలహా అయితే ఒకే స్తంభం ఉన్న కట్టర్ గానీ రెండు స్తంభాల బ్రిగ్ గానీ తీసుకోండి, పది పన్నెండు ఫిరంగులుంటాయి, యుద్ధనౌకలో ఉండాల్సిన పనులన్నీ దాంట్లోనే ఉంటాయి, కాకపోతే ఒక్కోటి వంద సార్లు ఉండదు. స్కేల్ 1:64 దగ్గర ఉంటే వేళ్ళకి సుఖం. ఇంకో మాట, రెండు పొరల పలకల కిట్టే చూస్కోండి, మొదటి పొర చేతికి పని అలవాటు కావడానికి, ఎలా వచ్చినా రెండో పొర దాన్ని కప్పేస్తుంది.

పనిముట్ల కోసం ఎక్కువ ఖర్చు పెట్టక్కర్లేదు. మంచి బ్లేడు కత్తి, సన్న రంపం, చిన్న చిత్రిక, చిన్న మూలమట్టం, స్టీల్ స్కేలు, చేత్తో తిప్పే సన్నని డ్రిల్లు, పట్టకార్లు రెండు రకాలు, బట్టల క్లిప్పులు బోలెడు, 80 నుంచి 400 దాకా రకరకాల నంబర్ల ఉప్పు కాగితం. జిగురుకి తెల్ల వుడ్ గ్లూ, అక్కడక్కడా సూపర్ గ్లూ. మాస్క్ మాత్రం కచ్చితంగా పెట్టుకోండి, వాల్‌నట్ పొడి గొంతులోకి వెళ్తే దగ్గు ఓ పట్టాన తగ్గదు.

ఇప్పుడు అసలు సంగతి. పెట్టెలో పొడుగ్గా ఒక ప్లైవుడ్ ముక్క ఉంటుంది, ఫాల్స్ కీల్ అంటారు, దాని గాళ్ళలో అడ్డంగా కూర్చునే ముక్కలు బల్క్‌హెడ్లు, అన్నీ పెట్టాక చేప ముల్లులా కనిపిస్తుంది. ఆ ఫాల్స్ కీల్‌ని ఒక కన్ను మూసి కొస నుంచి చూడండి, ప్లైవుడ్ కదా, కొంచెం వంగే ఉంటుంది చాలాసార్లు. వంగి ఉంటే రెండు వైపులా తడిగుడ్డతో తుడిచి రెండు చదునైన పలకల మధ్య పెట్టి పైన బరువు పెట్టి పూర్తిగా ఆరేదాకా వదిలెయ్యండి. తర్వాత బల్క్‌హెడ్లు జిగురు లేకుండా పెట్టి చూడాలి, బిగుతుగా ఉంటే గాడిని ఆకురాయితో రెండు లాగులు లాగండి, సుత్తితో మాత్రం కొట్టొద్దు. అతికించేటప్పుడు ప్రతిదీ కీల్‌కి 90 డిగ్రీల్లో ఉందో లేదో మూలమట్టంతో చూడాలి. దీనికి పిల్లల లెగో ఇటుకలు భలే పనికొస్తాయి, అవి కచ్చితమైన మూలలతో వస్తాయి కాబట్టి కీల్‌కి బల్క్‌హెడ్‌కి మధ్య మూలలో పెట్టి క్లిప్పు వేసేస్తే ఆరేదాకా కదలదు. ముందు వైపు చివరి రెండు బల్క్‌హెడ్ల మధ్య, వెనక చివర్లో కూడా మెత్తటి చెక్క దిమ్మలు అతికించి గుండ్రంగా అరగదీసుకోండి, కిట్‌లో ఇవ్వకపోయినా సరే పెట్టుకోండి, పలక ఎక్కువగా వంగేది అక్కడే, కింద ఆనుకోడానికి ఏమీ లేకపోతే నొక్కుకుపోతుంది.

కిట్ కాగితాలు సరిగ్గా చెప్పని విషయం ఇంకోటి ఉంది, వెనక భాగం సన్నం చెయ్యడం. లెక్క చూడండి. స్టెర్న్‌పోస్ట్, అంటే చుక్కాని తగిలించే వెనక నిట్రాడు, 5 మిల్లీమీటర్ల మందం అనుకుందాం. ఫాల్స్ కీల్ కూడా 5. దాని మీద ఒక్కో వైపు మొదటి పొర 1.5, రెండో పొర 1, అంటే రెండు వైపులా కలిపి ఇంకో 5. మొత్తం 10 అయింది, నిట్రాడు మాత్రం 5. అలాగే వదిలేస్తే ఓడ వెనక వైపు లావుగా ఉబ్బి నిట్రాడు లోపలికి దిగబడినట్టు కనిపిస్తుంది. అందుకని పలకలు వచ్చి కలిసే చోట ఫాల్స్ కీల్‌ని ఏటవాలుగా బాగా పల్చగా చెక్కెయ్యాలి, మొదటి పొర వేశాక దాన్ని కూడా ఆ చివర్లో దాదాపు కాగితం మందానికి అరగదీయాలి. బల్క్‌హెడ్లు పెట్టకముందే చెక్కితే చెయ్యి బాగా ఆడుతుంది, తర్వాత ఆ సందులో కత్తి తిరగదు.

అస్థిపంజరం ఆరాక ఫెయిరింగ్. ఓడ ముందుకీ వెనక్కీ సన్నబడుతుంది కదా, లేజర్‌తో కోసిన బల్క్‌హెడ్ అంచులేమో చదరంగా ఉంటాయి, కాబట్టి పలక ఆ అంచు మూల మీద మాత్రమే ఆనుతుంది. ఆ మూలని పలక వెళ్ళే దిశకి తగ్గట్టు ఏటవాలుగా అరగదియ్యాలి. పొడుగాటి చెక్కపట్టీకి 100 నంబరు ఉప్పు కాగితం అంటించి ఒకేసారి మూడు నాలుగు బల్క్‌హెడ్ల మీద ఆనేలా లాగాలి, ఒక్కోదాన్ని విడిగా రుద్దితే మాత్రం పల్లాలు పడతాయి. అంచు మీద లేజర్ కాల్చిన నల్ల రంగు ఉంటుంది చూడండి, అదే మీకు గుర్తు, నడుమ బల్క్‌హెడ్లలో నలుపు దాదాపు అలాగే మిగలాలి, కొసలకి వెళ్ళే కొద్దీ ఒక పక్క సన్నటి గీతలా మాత్రమే మిగలాలి. మధ్యమధ్యలో ఒక పలక తీసుకుని ఓడ పొడవునా వేలితో ఆనించి చూస్తూ ఉండండి. పైన, మధ్యలో, అడుగున, మూడు చోట్లా చూడాలి. ఎక్కడైనా కింద నుంచి వెలుతురు కనిపిస్తే అక్కడ పల్లం ఉన్నట్టు, ఒక సన్న చెక్క పేడు అతికించి మళ్ళీ అరగదీసుకోండి. ఈ పని బోర్ కొడుతుంది, ఫోటో తీసి చూపించుకోడానికి కూడా ఏమీ ఉండదు, కానీ నన్నడిగితే మొత్తం ఓడలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే.

పలకలు వేసేటప్పుడు అందరూ చేసేది ఏంటంటే పై నుంచి ఒకటి తర్వాత ఒకటి వెడల్పు తగ్గించకుండా అతికించుకుంటూ పోవడం, ముందు వైపుకి వచ్చేసరికి అవి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, అప్పుడు తల పట్టుకుంటారు. కొంచెం లెక్క వేసుకుంటే ఆ గొడవే ఉండదు. సన్నటి కాగితం పట్టీ తీసుకుని నడుమ బల్క్‌హెడ్ అంచు మీద పై నుంచి కీల్ దాకా చుట్టి కొలవండి, 120 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. పలక వెడల్పు 5 అయితే 24 పలకలు పడతాయి. ఇప్పుడు ముందు వైపు బల్క్‌హెడ్ మీద అలాగే కొలిస్తే 72 వచ్చింది. 72ని 24తో భాగిస్తే 3, అంటే ప్రతి పలకా నడుమ దగ్గర 5 ఉండి ముందుకి వచ్చేసరికి 3కి సన్నబడాలి. ఆ పట్టీ మీద గీతలు పెట్టి బల్క్‌హెడ్ మీదకి ఎక్కించేసుకుంటే ఏ పలక ఎక్కడ కూర్చోవాలో కళ్ళ ముందే ఉంటుంది. పలక కొసని సగం కన్నా సన్నం చెయ్యొద్దు, అంత అవసరం వస్తే రెండు పలకలు కలిపి ఒకే పలకగా ముగించండి. వెనక వైపు దీనికి ఉల్టా, అక్కడ చోటు మిగులుతుంది, త్రికోణం ముక్కలు ఇరికించాలి, అసలు ఓడల్లో కూడా ఇలాగే చేసేవాళ్ళు కాబట్టి నామోషీ ఏం లేదు.

వంచడానికి పలకని ఓ ఇరవై నిమిషాలు నీళ్ళలో నానబెట్టి ఇస్త్రీ పెట్టె వేడితో గానీ హెయిర్ స్ట్రెయిటెనర్‌తో గానీ మెల్లగా వంచండి, ఓడ మీదే క్లిప్పులతో పట్టించి ఆరనిచ్చి తర్వాతే జిగురు పెట్టండి, తడి పలక అతికిస్తే ఆరాక కుంచించుకుపోయి సందులు వస్తాయి. ఎడమ ఒకటి వేస్తే కుడి ఒకటి, ఒకే వైపు వరసగా వేసుకుంటూ పోతే ఆ లాగుడుకి కీల్ మెలి తిరిగిపోతుంది. మొదటి పొర అయ్యాక సందుల్లో ఫిల్లర్ నింపి నున్నగా రుద్ది, కళ్ళు మూసుకుని అరచేత్తో తడమండి, కంటికి కనబడని ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయి.

ఫిరంగి కిటికీలు, అదే గన్ పోర్టులు, ఇక్కడ కంటికి బాగుందని అన్నిటినీ ఒకే వరసలో సమంగా కోసేస్తే తర్వాత ఫిరంగి మూతి సగం పోర్టులకి అంచు తగుల్తుంది. డెక్ తిన్నగా ఉండదు, ముందూ వెనకా కొంచెం లేచి ఉంటుంది. పోర్టు కింది అంచు డెక్ వంపుతో పాటు వెళ్ళాలి, పక్క అంచులు మాత్రం నిటారుగా, అంటే కీల్‌కి లంబంగా ఉండాలి, కాబట్టి కొసల్లో పోర్టు కచ్చితమైన చదరం అవ్వదు, కాస్త పక్కకి జరిగిన చదరంలా ఉంటుంది. ముందే ఒక ఫిరంగి బండి కట్టుకుని డెక్ మీద అటూ ఇటూ జరిపి చూసి తర్వాత కొయ్యండి.

డెక్ పలకలకి ఒక పక్క అంచు మీద పెన్సిల్ రుద్దితే తారు పూసిన అతుకులా వస్తుంది. మొత్తం డెక్ పొడవు పలక వెయ్యకండి, అసలు ఓడలో 20 అడుగుల పలక అనుకుంటే 1:64లో అది 95 మిల్లీమీటర్లు, ఆ ముక్కలుగా కోసి పక్కపక్క వరసల అతుకులు ఒకే చోట రాకుండా జరుపుకుంటూ వెయ్యండి. అయ్యాక ఉప్పు కాగితంతో రుద్దితే పెన్సిల్ నలుపు అంతా పాకి మురికి అయిపోతుంది, బ్లేడు నిలబెట్టి గీకండి.

రంగుల విషయంలో పెట్టె మీది బొమ్మని గుడ్డిగా నమ్మొద్దు. 1628లో మొదటి ప్రయాణంలోనే స్టాక్‌హోమ్ దగ్గర మునిగి 1961లో పైకి తీసిన స్వీడన్ ఓడ వాసాకి చాలాకాలం నీలం రంగు వేసి చూపించారు, తర్వాత చెక్క మీద మిగిలిన రంగు పరీక్షిస్తే వెనక భాగం నేపథ్యం ఎరుపని తేలింది. విక్టరీ కూడా అంతే, ముదురు పసుపు అనుకున్నదాన్ని పాత రంగు పొరలు పరీక్షించి 2015లో లేత గులాబీ కలిసిన రంగుకి మార్చారు. అడుగున రాగి రేకులు వెయ్యాలా వద్దా అనేది ఓడ ఏ ఏడాదిదో చూసి తేల్చుకోండి, బ్రిటిష్ నౌకాదళం తన ఓడలన్నిటికీ రాగి తొడగడం 1779 ప్రాంతంలో మొదలెట్టింది, విక్టరీకి 1780లో వేశారు. 1760ల నాటి రూపంలో కడుతూ రాగి వేస్తే బావుంటుంది గానీ అబద్ధం అవుతుంది. రేకులు వేస్తే మాత్రం వెనక నుంచి ముందుకి వేసుకుంటూ రండి, ముందు వైపు రేకు అంచు వెనక వైపు రేకు మీదకి రావాలి, నీళ్ళు ఆ అంచుని లేపకుండా.

ఇత్తడి ఫిరంగులని ముందు అసిటోన్‌తో కడిగి తర్వాతే నల్లబరిచే ద్రావణంలో వెయ్యండి, వేలి జిడ్డు ఉన్నచోట నలుపు పట్టదు. ఇంగ్లీషు వాళ్ళ బండికి ముందు చక్రాలు వెనకవాటి కన్నా కొంచెం పెద్దవి, పెట్టెలో రెండు సైజులు వస్తే కలిపేసుకోకండి.

స్తంభాలకి వచ్చే గుండ్రటి కర్రని గాజు పలక మీద దొర్లించి చూడండి, వంకర ఉంటే ఎగిరెగిరి దొర్లుతుంది. సన్నం చెయ్యడానికి చిత్రికతో ముందు నాలుగు ముఖాలు, తర్వాత ఎనిమిది ముఖాలు చేసి ఆఖర్న గుండ్రంగా రుద్దుకోవాలి. కప్పీలూ కొక్కేలూ అన్నీ స్తంభం నిలబెట్టక ముందే కట్టెయ్యండి, నిలబెట్టాక అక్కడికి చెయ్యి చేరదు.

తాళ్ళలో కదలనివి ముదురు రంగు, ఎందుకంటే వాటికి తారు పూసేవాళ్ళు, లాగి వదిలేవి లేత రంగు. కదలనివి ముందు. స్తంభాన్ని పక్కల నుంచి పట్టే ష్రౌడ్లు జతలు జతలుగా కుడి ముందు జత, ఎడమ ముందు జత, అలా మార్చి మార్చి వెయ్యాలి, ఇక్కడా ఒకే వైపు లాగితే స్తంభం వాలిపోతుంది. వాటి మీద నిచ్చెన మెట్లలా వచ్చే రాట్‌లైన్లకి అసలు ఓడలో 13 నుంచి 15 అంగుళాల దూరం, 1:64లో అది 5 నుంచి 6 మిల్లీమీటర్లు, తెల్ల అట్ట మీద గీతలు గీసి వెనక పెట్టుకుంటే చాలు. ముడి బిగించేటప్పుడు ష్రౌడ్ లోపలికి రాకూడదు, పది మెట్లకోసారి కొంచెం దూరం జరిగి చూడండి, మధ్యలో నడుములా లోపలికి పోతుంటే ఆ ముళ్ళు వదులు చేసి మళ్ళీ వెయ్యాల్సిందే.

తెరచాపలు నేనైతే వెయ్యను. 0.3 మిల్లీమీటర్ల గుడ్డ 1:64లో దాదాపు 2 సెంటీమీటర్ల మందం తెరచాప అవుతుంది, దుప్పటి ఆరేసినట్టుంటుంది, పైగా ఇంత కష్టపడి కట్టిన తాళ్ళన్నీ దాని వెనక దాక్కుంటాయి. కావాలంటే సన్న కాగితంతో చుట్టి కట్టినట్టు చేసుకోవచ్చు.

అయ్యాక గాజు పెట్టె తప్పదు, తాళ్ళ మీద దుమ్ము పడితే దులపడం అయ్యే పని కాదు. పెట్టె అడుగు ఓక్ చెక్కతో చేయించకండి, దాని నుంచి వచ్చే ఆవిరికి సీసం కలిసిన లంగర్లు, బొమ్మలు తెల్లగా పొడి రాలిపోతాయి, పాత కిట్లలో ఇవి ఎక్కువ. ఏ చెక్క అయినా గాలి ఆడేలా అడుగున నాలుగు చిన్న రంధ్రాలు పెట్టించి వాటికి సన్నటి జాలీ గుడ్డ అంటించండి.