స్విచ్‌కి ఛార్జర్ కొనేముందు 15 వోల్టులు ఉందా చూడండి

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన నింటెండో స్విచ్ గేమ్ కన్సోల్‌కి (పాతదే, స్విచ్ 2 కాదు) ఛార్జర్ పోయిందని కోఠి గుజరాతీ గల్లీకో, సికింద్రాబాద్ సీటీసీకో వెళ్తున్నారా? షాపులో "టైప్-సీయే కదా, ఏదైనా పనిచేస్తుంది" అంటారు. చేతిలో పట్టుకుని ఆడుకోవడానికైతే చాలావరకు నిజమే, మెల్లగా అయినా ఛార్జ్ ఎక్కుతుంది. టీవీకి కలపాలంటే మాత్రం డాక్‌కి, అంటే స్విచ్‌ని నిలబెట్టి టీవీకి కలిపే స్టాండ్‌కి, 15 వోల్టులు అందాలి. కంపెనీ అడాప్టర్ ఇచ్చేది 15 వోల్టులు, 2.6 ఆంప్స్, అంటే 39 వాట్స్.

అందుకే వాట్స్ చూసి మోసపోకండి. ఫోన్ ఛార్జర్ మీద 67 వాట్స్ అని ఉన్నా, అది ఆ కంపెనీ ఫోన్లకే పనిచేసే పద్ధతి కావచ్చు. 20 వాట్స్ పీడీ (పవర్ డెలివరీ అనే, అన్ని కంపెనీలకూ ఉమ్మడి టైప్-సీ ఛార్జింగ్ పద్ధతి) ఛార్జర్లలో చాలావాటికి 9 లేదా 12 వోల్టులే గరిష్ఠం. ఛార్జర్ వెనక సన్నటి అక్షరాల్లో 'అవుట్‌పుట్' దగ్గర 15 వోల్టులు, 3 ఆంప్స్ అని కనిపిస్తే తీసుకోండి. 45 వాట్స్ పీడీ ఛార్జర్లలో సాధారణంగా ఉంటుంది. ఫోన్‌తో ఫొటో తీసి జూమ్ చేస్తే సులువుగా చదవొచ్చు.

చవక డాక్‌ల జోలికి మాత్రం అసలు వెళ్లొద్దు. 2018లో స్విచ్ సాఫ్ట్‌వేర్ 5.0 అప్‌డేట్ తర్వాత కొన్ని వేరే కంపెనీల డాక్‌లలో పెట్టిన స్విచ్‌లు పూర్తిగా పాడయ్యాయి.

అన్నట్టు, అమెరికా అడాప్టరే మీ దగ్గర ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. అది 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది, మన సాకెట్‌కి సరిపోయే పిన్ కన్వర్టర్ చాలు.