రూట్ కెనాలూ, క్లిప్పులూ నిజంగా కావాలో లేదో తేల్చుకోవడం ఎలా

ఒక పన్ను నొప్పి అని వెళ్తే నాలుగు ఫిల్లింగులు, రెండు రూట్ కెనాళ్లు (పన్ను లోపలి నరం తీసి నింపడం), రెండు క్యాపులు రాసిన చీటీ చేతిలో పెడతారు. అందులో ఏది ఇవాళే కావాలి, ఏది ఆగొచ్చు, ఏది అక్కర్లేదు అన్నది తేలాలంటే ముందు ఆ చీటీని పన్నుపన్నుకీ విడగొట్టించండి.

పళ్లకి రెండంకెల నంబర్లుంటాయి. మొదటి అంకె నోట్లో ఏ వైపో చెబుతుంది: 1 పై కుడి, 2 పై ఎడమ, 3 కింద ఎడమ, 4 కింద కుడి. రెండో అంకె ముందుపళ్ల నడుమ నుంచి వెనక్కి లెక్క. 36 అంటే కింద ఎడమవైపు ఆరో పన్ను. ప్రతి నంబరు పక్కనా ఏం చేస్తారో, ఎందుకో రాయించుకోండి. "చాలా పళ్లు పుచ్చాయండీ" అనేది కారణం కాదు.

ఎక్స్‌రే మీరూ చూడండి. పైపొర ఎనామిల్ తెల్లగా, దాని కింద డెంటిన్ బూడిదరంగులో, నడుమ నరం ఉండే గది నల్లగా కనిపిస్తాయి. పుచ్చు కూడా నల్ల మచ్చే. అది ఎనామిల్ దాటకుండా, పైన గుంట పడకుండా ఉంటే డ్రిల్లు పెట్టించక్కర్లేదు. ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముకుని, తీపి తగ్గించి, మళ్లీ చూపించుకుంటే సరి. డెంటిన్‌లోకి బాగా దిగితే ఫిల్లింగే. దవడ పళ్ల గాడుల్లో గోధుమరంగు గీతలు చాలాసార్లు ఉత్త మరకలు. వాటన్నిటికీ ఫిల్లింగులు రాశారంటే అనుమానించాల్సిందే.

రూట్ కెనాల్ దగ్గర అసలు ప్రశ్న నరం కోలుకుంటుందా లేదా అన్నది. చన్నీళ్లు తగిలితే జివ్వుమని, రెండు మూడు సెకన్లలో పోతే మామూలుగా ఫిల్లింగుతో సర్దుకుంటుంది. అర నిమిషం దాటినా సలుపుతుంటే, ఏమీ తగలకుండానే అర్ధరాత్రి లేపుతుంటే, వేడికి నొప్పి ఎక్కువవుతుంటే నరం పోయినట్టే లెక్క. కుర్చీలో కూర్చోబెట్టి చల్లని దూది ఆనించి చూడాలి, పనిముట్టు వెనక కొసతో పన్ను మీద తట్టి చూడాలి. పక్క పళ్లతో పోల్చాలి కూడా. ఇవేవీ చేయకుండా రూట్ కెనాల్ అంటే "చల్లని పరీక్ష చేస్తారా?" అని అడగండి. చిరాకు పడితే ఇంకోచోట చూపించుకోవడం మేలు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: వారం రోజులు పీడించిన నొప్పి దానంతటదే మాయమైతే పన్ను బాగుపడిందని కాదు, నరం చచ్చిపోయి ఉండొచ్చు. తర్వాత వేరు కొస దగ్గర ఎక్స్‌రేలో నల్లటి నీడ కనిపిస్తుంది. అప్పుడు నొప్పి లేకపోయినా వైద్యం తప్పదు.

రూట్ కెనాల్ అయిన దవడ పన్నుకి క్యాపు చాలావరకు నిజమైన అవసరమే. డబ్బులు చూసుకుని మానేస్తే ఆ పన్ను నిలువునా చీలొచ్చు, అప్పుడిక పీకించుకోవడమే. ముందు పన్ను చుట్టూ గట్టిగా ఉంటే ఫిల్లింగుతో సరిపోతుంది. వెనక పన్నుకి లోహపు క్యాపు తక్కువ అరగదీతతో ఏళ్ల తరబడి నిలుస్తుంది. కనిపించని చోట జిర్కోనియాకి (పన్ను రంగులో ఉండే సిరామిక్ క్యాపు) పెట్టే అదనపు డబ్బు ఎక్కువగా రంగుకే.

గార తీయిస్తే పళ్లు కదులుతాయన్నది భయమే. గార పోయాక అప్పటికే తగ్గిన చిగురు బయటపడుతుంది, అంతే. కానీ లేజర్, ఫ్లాప్ (చిగురు విప్పి లోపల శుభ్రం చేసే ఆపరేషన్) అంటే పన్నుకీ చిగురుకీ నడుమ సందు లోతు మిల్లీమీటర్లలో అడగండి. 1 నుంచి 3 వరకు మామూలే.

ఇక క్లిప్పులు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఖర్చుతో ఎవరికి వేయాలో తేల్చడానికి ఐదు మెట్ల కొలత ఒకటుంది. దాన్ని ఇంట్లోనూ కొంత చూసుకోవచ్చు. పళ్లు కలిపి కొరకమని, పై ముందుపన్ను అంచు నుంచి కింది పన్ను ముందుభాగం దాకా స్కేలుతో అడ్డంగా కొలవండి. 6 మిల్లీమీటర్లు దాటితే నాలుగో మెట్టు, 9 దాటితే ఐదో మెట్టు: వైద్యం అవసరమే. పన్ను పక్కదానితో 1, 2 మిల్లీమీటర్లు తప్పితే అది అందం కోసమే. అందం కోసం వేయించుకోవడం తప్పేమీ కాదు, కానీ ఆరోగ్యం పేరు చెప్పి తొందరపెట్టనివ్వకండి. ఎనిమిదేళ్ల పిల్లలకి పై ముందుపళ్ల మధ్య సందు చాలామందిలో కోరపళ్లు వచ్చాక మూసుకుపోతుంది. పైపళ్లు కిందిపళ్ల వెనక పడుతుంటే, పదమూడేళ్లొచ్చినా కోరపన్ను జాడ లేకపోతే మాత్రం ఆలస్యం చేయొద్దు. క్లిప్పులు తీశాక పళ్లు జరగకుండా పెట్టుకునే రిటైనర్ ఖర్చు ప్యాకేజీలో ఉందో లేదో ముందే తేల్చుకోండి. అది పెట్టుకోకపోతే పళ్లు మళ్లీ జరుగుతాయి.

నొప్పీ పుచ్చూ వాపూ లేని జ్ఞాన దంతాన్ని ముందు జాగ్రత్తగా పీకొద్దని బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ నైస్ 2000లోనే చెప్పింది.

రెండో అభిప్రాయానికి వెళ్తే మొదటి చీటీ చూపించకండి. ఎక్స్‌రే కాపీ ఇచ్చి, బాధ చెప్పి ఊరుకోండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడ, కడపల్లోనూ ప్రభుత్వ దంత కళాశాలలున్నాయి. ముఖం వాచి, జ్వరమొచ్చి, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.