మొదటి విల్లు కొనే ముందు

అమెరికాలో జింకల వేట వీడియోలు చూసి మా తిరుపతి పిల్లలు కొందరు లాగడానికి బరువైన కాంపౌండ్ విల్లు (కొసల్లో చక్రాలుండేది) కొనాలని ఉబలాటపడుతున్నారు. ముందే చెప్తున్నా, శేషాచలం దుప్పి మీద బాణం వేస్తే 1972 వన్యప్రాణి చట్టం కింద జైలే. గురి అట్ట బోర్డు మీదే.

మొదటి విల్లుగా విడదీసే రికర్వ్ (కొసలు ముందుకు వంగి ఉండే విల్లు) తీసుకోండి. బలం పెరిగాక కొమ్మలు, అంటే పిడికి పైనా కిందా వంగే బద్దలు, మాత్రం మార్చుకుంటే చాలు, పిడి అదే. పెద్దవాళ్లకైనా లాగే బలం 20 నుంచి 24 పౌండ్లు చాలు. 40 పౌండ్లది లాగి భుజం పట్టేసుకున్నవాణ్ణి నేనే!

చేతులు రెండూ బారజాపి కొలిచి 2.5తో భాగిస్తే మీరు నారిని లాగే పొడవు సుమారుగా తెలుస్తుంది. బార 170 సెంటీమీటర్లయితే 68, అంటే దాదాపు 27 అంగుళాలు. కొమ్మల మీద రాసే పౌండ్లు మామూలుగా 28 అంగుళాల లెక్క. అంగుళం తగ్గితే రెండు పౌండ్ల దాకా తగ్గుతుంది.

ఏ కన్ను బలమైనదో కూడా చూసుకోండి. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి అందులోంచి కపిలతీర్థం గోపురాన్ని చూస్తూ ఒక్కో కన్ను మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గోపురం సందులోనే నిలుస్తుందో అదే. కుడి కన్నయితే ఎడమ చేత్తో పట్టే విల్లు.

అన్నట్టు, అంగట్లో బాణం లేకుండా ఉత్త నారి లాగి వదలకండి, కొమ్మలు పగిలిపోతాయి.