ముసాయిదా చదువుదాం – మూడో పాఠం: ముందు నిర్వచనాలు, తర్వాతే కోపం

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. అభిప్రాయాలు పంపే గడువు ఇంకా మిగిలి ఉన్న ముసాయిదా (ప్రభుత్వం తేబోయే నియమం చిత్తు ప్రతి) ఒకటి వెతికి, అది ఎవరు విడుదల చేశారు, ఆఖరి తేదీ ఏది, అభిప్రాయం ఎక్కడికి పంపాలి అనే మూడు సంగతులు రాసుకోమన్నాను. వచ్చిన జవాబులు చాలావరకు బాగున్నాయి. మద్దిలపాలెం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి మాత్రం తమ వీధి కాలువ ఫొటోలు నాలుగు పంపి, "దీనికి ఆఖరి తేదీ ఎంత వెతికినా దొరకలేదు" అని రాశాడు. నవ్వొచ్చింది గానీ తప్పు నాదే. అర్జీకీ అభ్యంతరానికీ తేడా నేను ముందే చెప్పి ఉండాల్సింది.

కాలువ పూడిపోయిందని పెట్టేది అర్జీ. ఉన్న నియమాన్ని అమలు చేయమని అడుగుతాం. అది జీవీఎంసీకి, అంటే మన విశాఖపట్నం నగరపాలక సంస్థకు వెళ్తుంది, లేదా సోమవారం కలెక్టరేట్‌లో ఇస్తాం. ఈ వారం కుదరకపోతే వచ్చే వారం ఇవ్వవచ్చు. అభ్యంతరం సంగతి వేరు. నియమం ఇంకా చిత్తు ప్రతిగా ఉండగానే దాన్ని పంపాలి. గడువు దాటాక పంపితే పెళ్లయ్యాక జాతకాలు చూసినట్టే.

ఆ గడువు ఎంత? కేంద్ర మంత్రిత్వ శాఖల విషయంలో, కొత్త చట్టాల, నిబంధనల ముసాయిదాలను కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలని 2014లో ఒక విధాన నిర్ణయం జరిగింది. అది చట్టం కాదు కాబట్టి పాటించని సందర్భాలూ ఉన్నాయి. పర్యావరణ పరిరక్షణ నిబంధనలు, 1986 కొన్ని రకాల నోటిఫికేషన్లకు 60 రోజులు ఇస్తాయి. ఆ నిబంధనల్లోని మాటను గమనించండి: ఆసక్తి గల "ఏ వ్యక్తి అయినా" అభ్యంతరం పంపవచ్చు. ఓటుకు 18 ఏళ్లు నిండాలి, దీనికి అక్కర్లేదు. ఇంటర్ చదివేవాళ్లు "మాకెందుకు సార్" అంటే నేను చూపించేది ఈ మాటనే.

ఇక అసలు పాఠం. ముసాయిదా చేతికి వచ్చాక ఎక్కడి నుంచి చదవాలి? మొదటి క్లాజులో సాధారణంగా దాని పేరు, ఎప్పటి నుంచి అమలవుతుందన్న సంగతి తప్ప ఏమీ ఉండవు. నేను నేరుగా నిర్వచనాల దగ్గరికి వెళ్తాను. చాలావాటిలో అవి రెండో క్లాజులోనే ఉంటాయి. చదవడానికి అంతకన్నా విసుగైన భాగం ఉండదు. అయినా ఈ నియమం ఎవరికి వర్తిస్తుంది, ఎవరిని వదిలేస్తుంది అన్నది తేలిపోయేది అక్కడే.

నిజంగా జరిగిన ఉదాహరణ ఒకటి చెబుతాను. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ నిబంధనల ముసాయిదాను కేంద్రం 2025 జనవరి 3న విడుదల చేసింది. అభిప్రాయాలను ప్రభుత్వ వెబ్‌సైటు మైగవ్ ద్వారా ఫిబ్రవరి 18లోగా పంపమని, తర్వాత మార్చి 5లోగా అని గడువు పెంచింది. పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లి లేదా తండ్రి సమ్మతిని రూఢి చేసుకోవాలన్నది అందులో ఒక నియమం. పిల్లలంటే ఎవరు? దానికి జవాబు 2023 నాటి మాతృ చట్టంలో, అంటే ఈ నిబంధనలకు ఆధారమైన చట్టంలో ఉంది: 18 ఏళ్లు నిండని వ్యక్తి. అంటే సీతమ్మధారలో కోచింగ్‌కు వెళ్లే పదిహేడేళ్ల అమ్మాయి కూడా ఆ చట్టం లెక్కలో పసిపిల్లే. ఒప్పుకుంటారా మరి? "వయసును 16కు తగ్గించాలి" అని రాయడానికి చేతులు దురద పెడతాయి. ఆ ఉత్తరం ఎంత పదునుగా రాసినా గురి తప్పిన రాయే. చట్టం చెప్పిన వయసును నిబంధనతో మార్చడం కుదరదు, పార్లమెంటే చట్టాన్ని సవరించాలి. తల్లిదండ్రుల సమ్మతిని ఏ పద్ధతిలో రూఢి చేస్తారు, స్మార్ట్‌ఫోను లేని తల్లి ఏం చేయాలి అని అడిగి ఉంటే అది సరిగ్గా ఆ ముసాయిదా పరిధిలోని ప్రశ్న అయ్యేది. తుది నిబంధనలు అదే ఏడాది నవంబరులో వచ్చేశాయి. అందుకే నిర్వచనం చదివేటప్పుడు, అది ఈ కాగితంలోనే పుట్టిందా, పై చట్టం నుంచి దిగివచ్చిందా అని చూసుకోవాలి.

ఇప్పుడు సాధన. కింది ముసాయిదా నేను కల్పించినది. నగరంలో ఎవరూ ఇలాంటిది తేలేదు. దయచేసి కంగారుపడి వాట్సాప్‌లో పంచకండి.

క్లాజు 2(బి): "వాహనం" అంటే మోటారు శక్తితో కదిలే ఏ బండి అయినా.
క్లాజు 4: శని, ఆదివారాల్లో సాయంత్రం 5 నుంచి రాత్రి 9 వరకు కోస్టల్ బ్యాటరీ నుంచి వుడా పార్కు వరకు బీచ్ రోడ్డు మీద వాహనాలు తిరగరాదు, నిలపరాదు.
క్లాజు 6: అంబులెన్సు, అగ్నిమాపక, పోలీసు వాహనాలకు క్లాజు 4 వర్తించదు.

చదవగానే మీలో ఎక్కువమందికి నచ్చుతుంది. నాకూ నచ్చింది. వారాంతంలో ఆ రోడ్డు దాటడానికి పడే అవస్థ అందరికీ తెలిసిందే. అయినా 2(బి) దగ్గరికి తిరిగి రండి. మురీ మిక్చర్ తోపుడు బండికి మోటారు లేదు కాబట్టి అది బతికిపోయింది. కానీ దాని సరుకు ఆటోలో రావాలి, ఆ ఆటో ఐదింటికి ముందే వచ్చి వెళ్లిపోవాలి. దివ్యాంగుల బ్యాటరీ చక్రాల కుర్చీ "మోటారు శక్తితో కదిలే బండి" కాదా? అక్షరాలా చదివితే అవుననే చెప్పాలి. సముద్రం చూడాలని వచ్చిన మనిషిని పోలీసులు ఆపకపోవచ్చు, దయ చూపవచ్చు. ఆ మనిషి వాళ్ల దయ మీద ఆధారపడే పరిస్థితి రాకూడదనే మనం అభ్యంతరం రాస్తున్నాం.

ఎలా రాయాలి? మొదటిసారి కూర్చున్న ఎవరైనా ఇలా రాస్తారు: "ఈ నిర్ణయం సామాన్యుల పొట్ట కొట్టేలా ఉంది. వెంటనే ఉపసంహరించుకోవాలి." అవతల గుమస్తా దీన్ని "వ్యతిరేకం" గడిలో ఒక గీత గీసి పక్కన పెడతాడు. అతన్ని తప్పుపట్టలేం, అందులో అతను చేయగలిగిన పని ఏదీ లేదు. ఇప్పుడు ఇది చూడండి:

"క్లాజు 2(బి)పై అభ్యంతరం. ఈ నిర్వచనం వల్ల దివ్యాంగుల బ్యాటరీ చక్రాల కుర్చీలు, మోటారు మూడు చక్రాల బండ్లు కూడా నిషేధం కిందికి వస్తాయి. గత రెండు శనివారాలు సాయంత్రం 5 నుంచి 7 వరకు కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఎదుట నిలబడి లెక్కించగా ఇలాంటివి ...... కనిపించాయి. నిర్వచనం చివర 'దివ్యాంగులు స్వయంగా వాడుకునే బండ్లు మినహా' అని చేర్చగలరు."

చివరి వాక్యం మీద ఎంత సమయం పెట్టినా తక్కువే. సవరించిన మాటలు సిద్ధంగా ఇస్తే అధికారి వాటిని ఎత్తి అతికించుకోవచ్చు. చుక్కలు పెట్టిన చోట మీ అంకె ఉండాలి, ఊహించి వేయకండి. రెండు సాయంత్రాలు నిలబడితే రెండే బండ్లు కనిపించాయా, రెండనే రాయండి.

"వెయ్యి మంది ఒకే ఉత్తరం పంపితే బలం కదా?" అని గాజువాక నుంచి ఒకరు అడిగారు. 2015లో నెట్ న్యూట్రాలిటీ (ఇంటర్నెట్‌లో అన్ని సైట్లనూ సమానంగా చూడాలన్న సూత్రం) మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 20 ప్రశ్నలతో 118 పేజీల పత్రం విడుదల చేస్తే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. ఆ సంఖ్యతోనే దేశం దాని గురించి మాట్లాడుకుంది, కాదనను. కానీ ఆ ఏడాది చివర వేర్వేరు డేటా ధరల మీద (సైటును బట్టి డేటాకు వేరే ధర పెట్టవచ్చా అని) మరో పత్రం వచ్చినప్పుడు, కొన్ని సైట్లను ఉచితంగా ఇచ్చే తన ఫ్రీ బేసిక్స్ పథకాన్ని సమర్థిస్తూ ఫేస్‌బుక్ ద్వారా లక్షల కొద్దీ నమూనా ఉత్తరాలు చేరితే, అవి తాము అడిగిన ప్రశ్నలకు జవాబు ఇవ్వడం లేదని ట్రాయ్ తేల్చి చెప్పింది. 2016 ఫిబ్రవరిలో అలాంటి వేర్వేరు ధరలను నిషేధిస్తూ వచ్చిన నియంత్రణ ఆ ఉత్తరాలు కోరినదానికి విరుద్ధంగానే వచ్చింది. మిత్రులు పదిమంది ఉంటే తలా ఒక క్లాజు పంచుకోవడం మేలని నా అభిప్రాయం.

తెలుగులో పంపవచ్చా? రాష్ట్ర కార్యాలయాలకు నిస్సంకోచంగా పంపండి. రాజ్యాంగం 350వ అధికరణ తన బాధను దేశంలో వాడే ఏ భాషలోనైనా కేంద్ర అధికారికి నివేదించే హక్కును ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంటే, దాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది, గడువునూ ఆగస్టు 11 దాకా పొడిగించింది. ఢిల్లీకి పంపేటప్పుడు మాత్రం నేను తెలుగు ప్రతికి ఇంగ్లిషు అనువాదం జతచేస్తాను. హక్కు హక్కే, కానీ నా కాగితాన్ని ఎవరో ఒకరు చదవాలన్నదే నా ఆశ.

పంపడం గురించి రెండు మాటలు. కొన్నేళ్ల కిందట ఒక కార్యాలయానికి ఆఖరి రాత్రి పదకొండున్నరకు పంపాను. జతచేసిన ఫొటోలు బరువెక్కువై ఉత్తరం వెనక్కి వచ్చింది. వాటిని తగ్గించి మళ్లీ పంపేసరికి తేదీ మారింది. మూడు వారాల శ్రమ మునిగింది. కనీసం రెండు రోజుల ముందు పంపి, వెళ్లినట్టు కనిపించే తెరను ఫొటో తీసి దాచుకోండి. రెండోది, అడగకపోతే ఉత్తరంలో ఫోను నంబరు, ఇంటి చిరునామా పెట్టకండి. 2015లో ట్రాయ్ తనకు వచ్చిన ఉత్తరాలను పంపినవారి ఈమెయిలు చిరునామాలతో సహా అందరికీ కనిపించేలా పెట్టింది.

ఈ వారం పని: మన కల్పిత ముసాయిదాలో క్లాజు 6 తీసుకోండి. ఆ మినహాయింపుల్లో ఎవరు చేరలేదు? పెద్ద జాలరిపేట వైపు చేపల ఆటోలు, ఆ రోడ్డు మీదే ఇళ్లున్నవాళ్లు, ఆర్టీసీ బస్సు, ఇంకెవరైనా. అందరినీ ఎక్కించాలని చూడకండి, అలా చేస్తే నిషేధమే మిగలదు. ఒకరిని ఎంచుకోండి, శనివారం సాయంత్రం వెళ్లి చూడండి, చేర్చాల్సిన మాటలు రాయండి. ఇరవై మాటలు దాటితే తిప్పి పంపుతాను.